ఆంగ్ల నవలలో వివాహము, ఆస్తి, అంతస్తు

ఆంగ్ల నవల యనగా పెండ్లితో ముగియు కథ యని పాఠకలోకమున నొక వాడుక కలదు. ఆ మాట కొంతవరకు నిజమే. కాని వరుని గుణములకంటె ముందు వాని వార్షికాదాయమును తల్లులు ఏల అడిగిరి, ఒక చెల్లెలు తొందరపడినచో అక్కలందరి భవిష్యత్తు ఏల చెడెను, ప్రేమించినవానిని కాదని నాయిక అర్ధరాత్రమున ఇల్లు విడిచి ఏల పోయెను అను ప్రశ్నలకు ఆ వాడుకలో సమాధానము దొరకదు. సమాధానము ఆనాటి ఇంగ్లండు ఆస్తి శాసనములలోను, వాటిని ఆశ్రయించి నిలిచిన అంతస్తుల తారతమ్యములోను ఉన్నది. 1740 మొదలు 1893 వరకు వెలువడిన ప్రసిద్ధ నవలలను ఆ శాసనములతో కలిపి చదివినచో, అవి ప్రణయకథలు మాత్రమే కాక, స్త్రీ జీవనోపాధిని గూర్చిన చరిత్రపత్రములుగ కూడ కనబడును. శాసనము మారినకొలది నవల ముగింపును మారుచు వచ్చినది.

శాసనమున భార్య స్థానము

ఇంగ్లండు సామాన్య న్యాయము ననుసరించి వివాహముతో స్త్రీ యొక్క శాసనవ్యక్తిత్వము భర్త వ్యక్తిత్వమున లీనమయ్యెడిది. 1765 మొదలు 1769 వరకు వెలువడిన బ్లాక్‌స్టన్ న్యాయవ్యాఖ్యలలో ఈ సూత్రము స్పష్టముగా చెప్పబడినది. పుట్టినింటినుండి తెచ్చిన నగదు, సామానులు పెండ్లినాడే భర్త సొత్తగును. ఆమె భూమిపై వచ్చు రాబడి అతనిది. పెండ్లి తరువాత ఆమె కష్టించి సంపాదించిన కూలియు అతనిదే. ఆమె తన పేర ఒడంబడిక చేసికొనజాలదు. భర్త అనుమతి లేక వీలునామా వ్రాయజాలదు. పిల్లలపై హక్కు తండ్రిదే.

ధనవంతులు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. కూతురి భాగమును ట్రస్టీల చేతిలో నుంచి, ఈక్విటీ న్యాయస్థానముల రక్షణలో అది అల్లునికి అందకుండునట్లు దస్తావేజు వ్రాయించుచుండిరి. అట్టి దస్తావేజునకు న్యాయవాదియు కావలయును, ధనమును కావలయును. కావున శాసనము స్త్రీలందరికి నొక్కటే యైనను, దానినుండి తప్పించుకొను త్రోవ అంతస్తును బట్టి యుండెను.

భూమి విషయము మరింత కఠినము. వీలునామా లేనిచోట భూమి పెద్దకుమారునకే చెందెడిది. ఎస్టేటు ముక్కలు కాకుండ పురుషసంతతికే తరతరములు సంక్రమించునట్లు కట్టుదిట్టము చేయుట పెద్ద కుటుంబములలో పరిపాటి. చిన్నకుమారులకు సైన్యము, నౌకాదళము, చర్చి, న్యాయవాదవృత్తి తెరచియుండెను. కూతుళ్ళకు ఆ ద్వారములన్నియు మూసియుండెను. వారికి వివాహమొక్కటే వృత్తి.

రిచర్డ్‌సన్, గోల్డ్‌స్మిత్

ఈ పరిస్థితిని నవలకు వస్తువుగా గ్రహించినవారిలో శామ్యూల్ రిచర్డ్‌సన్ ముఖ్యుడు. ఇతడు లండనులో ముద్రాపకుడు. 1740లో ప్రకటించిన పామెలాలో నాయిక ఒక పనిపిల్ల. యజమాని ఆమెను చెరపట్టనెంచును. ఆమె లొంగదు. తుదకు అతడే ఆమెను పెండ్లాడును. పనిపిల్ల ఇంటి యజమానురాలగుట ఆనాటి పాఠకులలో కొందరికి ఆనందమును, కొందరికి ఆగ్రహమును కలిగించినది. హెన్రీ ఫీల్డింగు మరుసటి యేడే షామెలా యను పరిహాసకృతి వ్రాసెను. పేదపిల్ల శీలమును కాపాడుకొనుట నిజముగా ధర్మమా, లేక పెద్దబేరమునకై చేసిన ఉపాయమా యనునదే ఆ పరిహాసములోని ప్రశ్న. అట్టి ప్రశ్న ధనికుల కన్యను గూర్చి పుట్టదు. రిచర్డ్‌సన్ తరువాతి నవల క్లారిస్సా 1747–48లో వెలువడినది. అందు నాయికకు తాత ఇచ్చిన ఆస్తి కలదు. ఆ ఆస్తియే ఆమెకు ముప్పు తెచ్చినది. అన్నకు అసూయ కలిగెను. కుటుంబము తమ ఎస్టేటు పెరుగుటకై ఆమె ఏవగించుకొను ధనికునకు ఆమెను కట్టబెట్ట జూచెను. దానినుండి తప్పించుకొనబోయి ఆమె వంచకుని చేత చిక్కెను.

ఇంతలో 1753లో హార్డ్‌విక్ ప్రభువు వివాహశాసనము వచ్చి, మరుసటి సంవత్సరము మార్చినుండి అమలైనది. అంతవరకు ఏ మతాచార్యుడైనను రహస్యముగా జరిపిన పెండ్లియు చెల్లుచుండెను. కొత్త శాసనము ప్రకారము చర్చిలో ముందుగా ప్రకటించియో, లైసెన్సు పొందియో వివాహము జరుపవలయును. లైసెన్సు పెండ్లికి ఇరువదియొక్క యేండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల అనుమతి యుండవలయును. ధనిక కన్యలను మోసగాండ్రు ఎత్తుకొనిపోకుండుటకు ఇది రక్ష యని ఒకరు, ప్రభువంశములు ధనమును తమలోనే నిలుపుకొనుటకు పన్నిన పన్నాగమని యొకరు పార్లమెంటులో వాదించిరి. ఈ శాసనము స్కాట్లండునకు వర్తింపలేదు. అందుచేత సరిహద్దు దాటగనే యున్న గ్రెట్నాగ్రీన్ గ్రామము పారిపోయివచ్చిన జంటలకు ప్రసిద్ధి కెక్కినది.

ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు ఈ శాసనపు నీడలో నడచిన కథ. వర్తకుడు దివాలా తీయుటచే ప్రింరోజు అను మతాచార్యుని సొమ్ము పోవును. సొమ్ము పోగనే పెద్దకుమారుని వివాహము తప్పిపోవును. పెద్దకూతురు ఆలివియాను భూస్వామి థార్న్‌హిల్ దొంగ పెండ్లితో వంచించును. తండ్రి ఋణబాధచే చెరసాల పాలగును. తుదకు తేలినదేమనగా, వంచకుని అనుచరుడే తన స్వార్థముకొరకు నిజమైన లైసెన్సును, నిజమైన పురోహితుని తెచ్చియుండెను. కావున ఆ పెండ్లి చెల్లినది. కుటుంబగౌరవమును నిలిపినది భర్త పశ్చాత్తాపము కాదు, ఒక కాగితము. పాఠకుడు హాయిగా నిట్టూర్చును గాని, ఆలివియా జీవితాంతము ఆ వంచకునికే భార్య యనుట మరచిపోరాదు.

ఆస్టిన్ లెక్కలు

జేన్ ఆస్టిన్ నవలలలో ఈ లెక్క అంకెలతోనే కనబడును. 1811లో వెలువడిన సెన్స్ అండ్ సెన్సిబిలిటీ ఆస్తి సంక్రమణముతో ఆరంభమగును. తండ్రి మరణింపగా ఎస్టేటు మొదటిభార్య కుమారునికి పోయెను. రెండవభార్యయు, ఆమె ముగ్గురు కూతుళ్ళును తాము నివసించిన యింటనే అతిథులైరి. వారికి మిగిలినది పదివేల పౌనులు, దానిపై ఏటికి 500 పౌనుల రాబడి. చెల్లెళ్ళకు మూడువేల పౌనులీయవలెనని తలచిన అన్న, భార్య మాట వినుచు ఆ మొత్తమును మెల్లమెల్లగ తగ్గించుకొని, తుదకు సామాను చేరవేయుటలో సాయపడి, అప్పుడప్పుడు చేపలు, వేటమాంసము పంపిన చాలునని తేల్చును. దుర్మార్గమైన పని యేదియు అతడు చేయలేదు. శాసనము తనకిచ్చినదానిని తానుంచుకొనెను, అంతే.

1813లో వెలువడిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో బెన్నెటు దంపతులకు ఐదుగురు కూతుళ్ళు. తండ్రి ఎస్టేటుపై ఏటికి రెండువేల పౌనులు వచ్చును. కాని అది పురుషసంతతికే చెందునట్లు కట్టుబాటైనది గనుక అతని తరువాత దూరబంధువైన కాలిన్సునకు పోవును. తల్లికిని పిల్లలకును కలిపి దస్తావేజు మూలమున ఏర్పడినది ఐదువేల పౌనులు మాత్రమే. ఎలిజబెత్తునకు తల్లి యనంతరము రాగల భాగము వేయి పౌనులని కాలిన్సు పెండ్లి మాటాడుచునే గుర్తు చేయును. నూటికి నాలుగు వడ్డీ చొప్పున అది ఏటికి నలుబది పౌనులు. డార్సీకి ఏటికి పదివేలు. ఈ రెండంకెల నడుమ నున్న దూరమే ఆ నవలలోని గర్వమునకును, దురభిప్రాయమునకును నేల.

ఈ వెలుగులో చూచిన తల్లి బెన్నెటు ఆరాటము హాస్యాస్పదమే కాని అకారణము కాదు. భర్త మరణించిన మరునాడు తనకును కూతుళ్ళకును ఇల్లు లేదని ఆమె యెరుగును. తండ్రి యెరిగియు పుస్తకముల గదిలో దాగికొనును. ఇరువదియేడేండ్ల షార్లట్ లూకసు మూర్ఖుడని యెరిగియే కాలిన్సును పెండ్లాడును. ఆమె కోరినది ప్రేమ కాదు, ఒక ఇల్లు. ఆస్టిన్ ఆమెను నిందింపదు. ఎలిజబెత్తు నిందించును, తరువాత షార్లట్ ఇంటికి పోయి, ఆమె తన బ్రతుకును ఎంత నేర్పుతో దిద్దుకొన్నదో చూచి మౌనము వహించును. చిన్నచెల్లెలు లిడియా సైనికునితో లేచిపోయినప్పుడు గ్రెట్నాగ్రీన్‌కు పోయిరని ఇంటివారు మొదట ఆశపడుదురు. వారు అక్కడికి పోలేదని తెలిసిన తరువాతనే అసలు భయము. డార్సీ రహస్యముగా అప్పులు తీర్చి, సొమ్ము చెల్లించి ఆ పెండ్లిని నిలబెట్టినగాని మిగిలిన నలుగురికి సంబంధములు రావు.

అంతస్తులలోని మెట్లను కూడ ఆమె అంతే సూక్ష్మముగా గుర్తించెను. బింగ్లీ ధనము తండ్రి వర్తకమున గడించినది. అతని అక్కచెల్లెండ్రు ఆ సంగతిని మరచి, ఎలిజబెత్తు మేనమామ లండనులో వర్తకుడని నవ్వుదురు. భూమి కొన్నగాని వర్తకుని ధనమునకు పరువు లేదు. ఆ పరువు స్థిరపడుటకు వివాహమొక మెట్టు.

ఆస్టిన్ జీవితమే ఈ లెక్కలకు సాక్ష్యము. 1802 డిసెంబరులో ఒక భూస్వామి కుమారుడు అడుగగా పెండ్లికి సమ్మతించి, మరునాటి యుదయమే ఆ మాటను వెనుకకు తీసికొనెను. 1805లో తండ్రి మరణింపగా తల్లియు, ఇరువురు కూతుళ్ళును సోదరుల సాయముపై ఆధారపడిరి. 1809లో సోదరుడు ఎడ్వర్డు చాటన్ గ్రామమున నొక ఇల్లిచ్చిన తరువాతనే ఆమె రచనలు ప్రకటితములైనవి. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ హక్కును ఆమె 110 పౌనులకు అమ్మివేసెను. మొదటి పుస్తకముపై రచయిత్రి పేరు లేదు. ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే యుండెను.

ఇంటికి చెందియు చెందని స్త్రీ

పెండ్లి కాని మధ్యతరగతి విద్యావతికి గౌరవభంగము లేకుండ దొరకు పని యొక్కటే: ధనికుల ఇంట నుండి పిల్లలకు చదువు చెప్పు గవర్నెసు ఉద్యోగము. 1851 జనాభా లెక్కలనాటికి అట్టి స్త్రీలు సుమారు ఇరువదియైదు వేలమంది. గవర్నెసు యజమానుల బల్ల దగ్గరకు చేరదు, సేవకుల వంటింటికిని చేరదు. ఆస్టిన్ ఎమ్మాలో జేన్ ఫేర్‌ఫాక్సు ఈ ఉద్యోగమును తలచుకొని బానిసల వ్యాపారముతో పోల్చి మాటాడును. థాకరే 1847–48లో వ్రాసిన వానిటీ ఫేర్‌లో బెకీ షార్పు అదే ఉద్యోగమును మెట్టుగా చేసికొని ప్రభువుల ఇంటి కుమారుని రహస్యముగా పెండ్లాడును. పెండ్లి బయటపడగనే వానికి రావలసిన మేనత్త ఆస్తి చేజారును.

1847లో షార్లట్ బ్రాంటి, కరర్ బెల్ అను మారుపేరుతో ప్రకటించిన జేన్ ఐర్‌లో నాయిక ఏటికి ముప్పది పౌనుల జీతముపై గవర్నెసుగా చేరును. యజమాని రోచెస్టరు ఆమెను ప్రేమించును. అతని కథలోను శాసనమే కలదు. తండ్రి ఎస్టేటును విడదీయనొల్లక పెద్దకుమారునకే యుంచి, చిన్నవాడైన రోచెస్టరునకు ముప్పదివేల పౌనుల కట్నముగల జమైకా కన్యను కట్టబెట్టెను. ఆమెకు మతి చలించెను. మతిచాంచల్యము విడాకులకు కారణము కాదు. భార్య యుండగా జరుపబోయిన పెండ్లి చర్చిలోనే ఆగిపోవును. వివాహము లేక తనతో నుండుమని రోచెస్టరు వేడును. జేన్ చేత ఇరువది షిల్లింగులతో ఇల్లు విడుచును. తరువాత పినతండ్రి ఆస్తి ఇరువదివేల పౌనులు రాగా, దానిని నలుగురు సమముగా పంచుకొనునట్లు చేసి, తన ఐదువేలతో స్వతంత్రురాలై తిరిగివచ్చును. భార్య మరణించి, చూపు పోయిన రోచెస్టరును అప్పుడు పెండ్లాడును. జీతగత్తెగా నున్నప్పుడు కాక, తన సొమ్ము తనకు కలిగిన తరువాత పెండ్లాడుట ఈ కథకు కీలకము. అయినను 1847నాటి శాసనమున ప్రత్యేకమైన దస్తావేజు లేనిదే ఆ ఐదువేలును పెండ్లినాడే భర్తవి యగును.

పెండ్లి తరువాత కథ

మరుసటి యేడే చెల్లెలు ఆన్ బ్రాంటి టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్‌ను ప్రకటించెను. ఇది పెండ్లితో ముగియు కథ కాదు. పెండ్లినుండి పారిపోవు కథ. త్రాగుబోతైన భర్త చేత కుమారుడు చెడిపోవుచుండగా హెలెన్ పిల్లవానితో రహస్యముగా ఇల్లు విడిచి, చిత్రములు వ్రాసి అమ్ముకొని బ్రతుకును. ఆనాటి శాసనమున ఆ పిల్లవాడు తండ్రికి చెందును. చిత్రముల వెలయు తండ్రిదే. ఆమె పేరు మార్చుకొని దాగుట కథలోని కుతూహలము కొరకు కాదు, శాసనభయముచేత.

కథలో హెలెన్ పడిన బాధను నిజజీవితమున కరొలైన్ నార్టన్ పడెను. రచయిత్రియైన ఈమె 1836లో భర్తనుండి వేరుకాగా, ముగ్గురు కుమారులను భర్త తన యధీనమున నుంచుకొనెను. ఆమె పట్టుదలతో చేసిన ప్రచారము వలన 1839లో, ఏడేండ్ల లోపు పిల్లలు తల్లి వద్ద నుండునట్లు ఆజ్ఞ నిచ్చు అధికారము న్యాయస్థానమునకు లభించినది. 1857 శాసనము విడాకులను పార్లమెంటు ప్రత్యేక శాసనములనుండి న్యాయస్థానమునకు తెచ్చెను. అయినను భర్తకు భార్య వ్యభిచార మొక్కటే చాలు. భార్యకు భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, పరిత్యాగమో మరియొక దోషము కూడ చూపవలయును. ఈ భేదము 1923 వరకు తొలగలేదు. 1870 శాసనము భార్య సంపాదనను ఆమెకిచ్చెను. 1882 శాసనము ఆమె ఆస్తి నంతయు ఆమెదిగా నిర్ణయించి, 1883 జనవరి 1 నుండి అమలైనది.

ఈ రెండు శాసనముల నడుమ 1871–72లో జార్జి ఇలియట్ మిడిల్‌మార్చ్ వెలువడినది. అందు డొరొతియా వివాహము కథ మొదటి భాగముననే జరిగిపోవును. పండితుడని నమ్మి పెండ్లాడిన ముసలి భర్త, ఆమె లాడిస్లాను పెండ్లాడినచో ఆస్తి దక్కదని వీలునామాలో అనుబంధము వ్రాసి మరణించును. చనిపోయిన తరువాతను ఆస్తి మూలమున భార్యను పట్టియుంచుట అతని యుద్దేశము. డొరొతియా ఆస్తిని విడిచి లాడిస్లాను వరించును. గ్రంథకర్త్రి అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్సు. విడాకులు పొందజాలని జార్జి లూయిస్‌తో 1854 నుండి సహజీవనము చేసినందున కుటుంబమునకే వెలియైనది. శాసనము గుర్తింపని వివాహపు వెల ఎంతయో ఆమెకు స్వయముగా తెలిసినదే.

భూమి లేనివారికి దస్తావేజులును లేవు, ట్రస్టీలును లేరు. థామస్ హార్డీ వారి కథను చెప్పెను. 1886 నాటి మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జిలో గడ్డికోతగాడు త్రాగిన మైకములో సంతలో భార్యను ఐదు గినీలకు అమ్మును. భార్యల అమ్మకము చెల్లని పనియే యైనను, విడాకులు కొనలేని పేదలలో అట్టి ఆచారము ఇంగ్లండు గ్రామములలో ఉండినది. 1891 నాటి టెస్‌లో పాలపని చేయు పిల్ల, తన్ను చెరచిన ధనికుని యొద్దకే తిరిగి పోవును. తండ్రి ఆయుఃపర్యంతమే చెల్లు కౌలు అతని మరణముతో తీరి, తల్లియు పిల్లలును వీధిని పడుటయే దానికి కారణము. 1893లో గిస్సింగ్ వ్రాసిన ఆడ్ విమెన్ నాటికి మరియొక త్రోవ కనబడినది: అందు కొందరు స్త్రీలు పెండ్లి కాని యువతులకు టైపు యంత్రముపై పని నేర్పి ఉద్యోగములకు సిద్ధపరతురు.

ధవళేశ్వరమునకు వచ్చిన కథ

ఈ ఆంగ్ల కథలలో నొకటి తెలుగుదేశమునకు వచ్చి రూపము మార్చుకొన్న తీరు, పై చరిత్రను మరియొక వైపునుండి వెలిగించును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్ నవలను తెనిగింప నారంభించి, ఆ పని మాని, దాని ప్రేరణతో స్వతంత్రముగా రాజశేఖరచరిత్రమును వ్రాసిరి. అది 1878లో వివేకవర్ధని పత్రికలో ప్రారంభమై 1880లో పుస్తకమైనది. 1887లో లండనున ఫార్చ్యూన్స్ వీల్ అను పేర దాని ఆంగ్లానువాదము వెలువడగా, ఇంగ్లండు కథ యొకటి తెలుగు వేషముతో మరల ఇంగ్లండు చేరినట్లయినది.

సంపన్న గృహస్థు, అమాయకత్వముచే ధననాశము, ఇల్లు విడుచుట, కష్టములు, తుదకు కుటుంబ సమాగమము — ఇవి రెండింట సమానము. కాని ఆలివియా కథ ధవళేశ్వరమున జరుగదు. అక్కడి యువతి వరుని తానే ఎన్నుకొనబోయి మోసపోయినది. ఇక్కడి బాలికకు ఎన్నుకొను వయసు రాకముందే పెండ్లి జరిగిపోవును. ఆలివియాకు వచ్చిన ఆపద తన పెండ్లి చెల్లునా చెల్లదా యనునది. రాజశేఖరుని కూతురు రుక్మిణికి వచ్చినది భర్త మరణించెనను వార్త. ఆ వార్త కథలో అబద్ధమగును. నిజమైన ఇండ్లలో అనేక పర్యాయములు అది నిజమే. పుస్తకము వెలువడిన మరుసటి యేడు, 1881 డిసెంబరు 11వ తేదీన, పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. నవలలో విధివశమున తీరిన కష్టమును బయట మనుష్యప్రయత్నమున తీర్పబూనిరి.

ఆస్తి విషయమునను ఈ రెండు దేశముల బాధలు ఒక్కటి కావు. కల్యాణ నగరమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర, వివాహకాలమున లభించిన స్త్రీధనమును స్త్రీకే విడిచినది. భర్త దానిని ముట్టదగిన సందర్భములు కరవు, వ్యాధి మున్నగు కొన్ని మాత్రమే. ఆ ధర్మశాస్త్రమును తిక్కన శిష్యుడు కేతన పదుమూడవ శతాబ్దిలోనే తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆంగ్ల వధువు 1882 వరకు పెండ్లినాడే కోల్పోయినదానిని తెలుగు వధువు శాస్త్రమున కోల్పోలేదు. కాని పుట్టినింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి జన్మతః భాగము లేకుండెను. ఆ లోపమును ఆంధ్రప్రదేశ్ 1985లోను, తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను సవరించినవి. 2005లో అది దేశమంతటికి వర్తించినది. సరిహద్దుల కిరువైపుల నున్న తెలుగు కుటుంబములలో ఒకే తరమువారికి ఈ హక్కు వేర్వేరు సంవత్సరములలో లభించుట గమనింపదగినది.

ఉపసంహారము

పామెలానుండి ఆడ్ విమెన్ వరకు గడచిన నూటయేబది సంవత్సరములలో ఆంగ్ల నవలానాయిక మాటాడిన భాష ప్రేమభాషయే. ఆమె నిలిచిన నేల మాత్రము ఆస్తిశాసనము. పెండ్లి తప్ప వేరు ఆశ్రయము లేనంతకాలము నవల పెండ్లితో ముగిసెను. పెండ్లి తరువాతను ఆశ్రయము కరవేయని స్త్రీలు చెప్పజొచ్చినప్పుడు నవల పెండ్లి తరువాత సాగెను. సంపాదన తనదైనప్పుడు పెండ్లి లేని కథయు పుట్టెను. ఈ మార్పులో నవల శాసనమునకు వెనుక నడువలేదు. ఆన్ బ్రాంటి హెలెన్ తన చిత్రములను అమ్ముకొన్న ఇరువదిరెండేండ్లకు గాని, భార్య సంపాదన భార్యదే యని పార్లమెంటు ఒప్పుకొనలేదు.